పోర్టికో పిల్లర్లు: వరంగల్ యార్డుల్లో దొరికే రకాల మీద ఒక రివ్యూ

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ శివార్లలో సిమెంటు జాలీలు, తులసికోటలు, సింహాల బొమ్మల పక్కన నిలబెట్టిన తెల్లటి పిల్లర్లు రోడ్డు మీద పోయే ఎవరికైనా కనబడతాయి. ఇల్లు కట్టేవాళ్లు అక్కడ బండి ఆపి మొదట చూసేది పిల్లర్ తల. ఆకుల తల కావాలా, సుడుల తల కావాలా అని బేరం అక్కడే మొదలవుతుంది. మందం ఎంత, ఎత్తు ఎంత, మన ఇంటి ఆర్‌సీసీ పిల్లర్ దీని కడుపులో పడుతుందా అన్న లెక్కలు సరుకు డీసీఎంలోంచి దిగినంక గుర్తొస్తాయి. ఏ ఒక్క దుకాణాన్నీ పట్టుకోకుండా, ఇక్కడ దొరికే సరుకు రకాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

తీర్పు ముందే చెప్తే చదవడం సులువు. పది అడుగుల స్లాబు కింద ఆకుల తల పిల్లర్ నూటికి తొంభై ఇళ్లలో నప్పదు. నప్పేవి రెండు. ఒకటి, ఏ చెక్కడమూ లేని నున్నటి గుండ్రటి పిల్లర్, అంటే టస్కన్ రకం. రెండోది, వేయిస్తంభాల గుడిలో రోజూ చూసే, చదరమూ గుండ్రమూ ఒకదాని మీద ఒకటి వచ్చే కాకతీయ రకం. ఇందులో అభిమానం కన్నా అంగుళాల లెక్కే ఎక్కువ.

మందానికి ఎత్తు ఎన్ని రెట్లు?

రోమన్ పిల్లర్‌కు కొలత అడుగుల్లో ఉండదు. అడుగున ఉన్న మందానికి ఎత్తు ఎన్ని రెట్లో చూస్తారు. ఇటలీకి చెందిన విన్యోలా 1562లో అచ్చు వేయించిన లెక్క ఇప్పటికీ చలామణిలో ఉంది: టస్కన్ 7 రెట్లు, సాదా తల ఉండే డోరిక్ 8, సుడుల తల ఉండే అయానిక్ 9, ఆకుల తల ఉండే కొరింథియన్ 10. బేసు, తల కూడా ఈ ఎత్తులో కలిసే ఉంటాయి. అసలు గ్రీకు డోరిక్ అయితే ఇంకా బలిష్ఠం. ఏథెన్స్‌లోని పార్థెనాన్ స్తంభం ఎత్తు సుమారు 10.4 మీటర్లు, అడుగున మందం 1.9 మీటర్లు, అంటే ఐదున్నర రెట్లే. దానికి బేసు కూడా లేదు, రాతి మెట్టు మీది నుంచే నేరుగా లేస్తుంది.

ఇప్పుడు మన పోర్టికో కొలుద్దాం. పరిచిన నేల నుంచి స్లాబు అడుగుకు 10 అడుగులు, బీము కిందికి 9 అంగుళాలు దిగింది అనుకుంటే పిల్లర్‌కు మిగిలేది 111 అంగుళాలు. ఆ ఎత్తుకు కొరింథియన్ మందం 11 అంగుళాలు, అయానిక్ 12, డోరిక్ 14, టస్కన్ 16. యార్డులో ‘మంచి లుక్ ఉంటది’ అని ముందుకు తెచ్చి చూపించేది మాత్రం 18 అంగుళాల ఆకుల తల. 18కి 111 అంటే ఆరు రెట్లు చిల్లర. పైగా కొరింథియన్ తల ఎత్తు మందానికి ఒకటింబావు రెట్లకు కొంచెం తక్కువ. 18 అంగుళాల పిల్లర్‌కు తలే 21 అంగుళాలు తింటుంది, బేసు ఇంకో 9. నడుమ ఉండే నిలువు కాండానికి, అంటే షాఫ్ట్‌కు మిగిలేది 81 అంగుళాలు. మనిషి ఎత్తు కన్నా కాస్త ఎక్కువ. అందుకే అలాంటి పోర్టికోలలో తల కళ్ల ముందుకు దిగినట్టు, పిల్లర్ భూమిలో కూరుకుపోయినట్టు కనిపిస్తుంది. పనితనంలో ఏ లోపమూ లేకపోయినా అంతే.

రెండంతస్తుల ఎత్తున్న పోర్టికో అయితే మాట వేరు. బీము కింద 18 అడుగులు దొరికితే 18 అంగుళాల మందానికి 12 రెట్లు వస్తుంది. అక్కడ కొరింథియన్‌కు 21, 22 అంగుళాలు పెట్టాలి. చిత్రంగా అలాంటి ఇళ్లకు ఖర్చు తగ్గించుకుందామని 15 అంగుళాలవి తెచ్చి పెడతారు, అవి వెదురు బొంగుల్లా తేలిపోతాయి.

లోపలి పిల్లర్ పట్టాలి కదా

రెట్ల లెక్క కుదిరినా అసలు చిక్కు ఇక్కడుంది. మన దగ్గర ఇళ్లకు పోసే ఆర్‌సీసీ పిల్లర్ ఎక్కువగా 9 × 12 అంగుళాలు, పోర్టికోకు 9 × 9. యార్డులో కొనే పిల్లర్ లోపల డొల్లగా ఉండే తొడుగు. ఆ గుండ్రటి తొడుగు దీని చుట్టూ రావాలంటే మూల నుంచి మూలకు కొలవాలి. 9 × 9కి ఐమూల కొలత 12.7 అంగుళాలు, 9 × 12కి సరిగ్గా 15. ఆర్‌సీసీ పిల్లర్ నిలువులో అరంగుళం తేడా ఉండటం మామూలే కాబట్టి లోపల కొంత ఖాళీ కావాలి. 9 × 9కి తొడుగు లోపలి కొలత 13.5, బయటి కొలత 14.5 నుంచి 15. 9 × 12 అయితే బయటి కొలత 17కు తగ్గదు.

ఇంకో మడతపేచీ ఉంది. అసలైన రోమన్ పిల్లర్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. కింది మూడో వంతు నిటారుగా ఉండి, అక్కడి నుంచి మెల్లగా తగ్గి, మెడ దగ్గర అడుగు మందంలో ఆరింట ఐదు వంతులకు వస్తుంది. ఆర్‌సీసీ పిల్లర్ మాత్రం పైదాకా ఒకే మందం. అంటే మెడ దగ్గరే తొడుగు బయటి కొలత 14.5 ఉండాలి, అప్పుడు అడుగున 17.4 అవుతుంది. తొడుగు పిల్లర్లన్నీ నీళ్ల పైపులా కింద నుంచి పైదాకా ఒకే లావుతో అమ్మడానికి కారణం ఇదే. చేసేవాడికి తెలియక కాదు, సన్నబరిస్తే చదరపు పిల్లర్ లోపల పట్టదు. ఆ పైపు ఆకారం నిలబెట్టినంక పైన లావెక్కినట్టు కనబడుతుంది. మేస్త్రీ తూకం గుండు వేసి సరిగ్గానే ఉందని చూపిస్తాడు, ఇంటాయన ఒప్పుకోడు. ఇద్దరిదీ నిజమే.

దీనికి మందు యార్డులో దొరకదు, డ్రాయింగులో దొరుకుతుంది. పునాది తవ్వకముందే ఇంజనీర్‌ను అడిగి పోర్టికో పిల్లర్లను గుండ్రంగా పోయించుకోవాలి. 12 అంగుళాల గుండ్రటి పిల్లర్ కోత వైశాల్యం 113 చదరపు అంగుళాలు, 9 × 12ది 108. కాంక్రీటులో పెద్ద తేడా లేదు. కానీ ఏ దిక్కున ఎంత వంపు బలం కావాలో ఇంజనీరే చూడాలి. పైన 10 అంగుళాలకు సన్నబరిచే అచ్చు వాడితే మెడ దగ్గర వైశాల్యం 78కి పడిపోతుంది. లెక్క ఆ మెడ కొలతకు వేయించాలి, అడుగు కొలతకు కాదు.

అచ్చుతో సైటు మీద పోసే పిల్లర్: 5కు 4.5

కొనే సరుకులన్నింటికన్నా ఇదే మేలు, అయినా యార్డువాళ్లు దీన్ని ఆఖర్న చెప్తారు. ఫైబర్ లేదా ఇనుప అచ్చు రెండు సగాలుగా వస్తుంది, అద్దెకు కూడా ఇస్తారు. విడిగా తొడుగు ఉండదు కాబట్టి అతుకు పగలడం, నీళ్లు లోపలికి పోవడం అన్న బాధే లేదు.

కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం గుండ్రటి పిల్లర్‌లో నిలువు రాడ్లు ఆరుకు తగ్గకూడదు. 12 అంగుళాల పిల్లర్‌కు 12 ఎంఎం రాడ్లు ఆరు వేస్తే కనీసం ఉండాల్సిన 0.8 శాతం ఉక్కు దాటుతుంది. 8 ఎంఎం రింగులు 6 అంగుళాలకొకటి. కవర్, అంటే ఉక్కు మీద ఉండే కాంక్రీటు పొర 40 ఎంఎం, కాబట్టి రింగు బయటి కొలత 220 ఎంఎం దాటకూడదు. షాఫ్ట్ మీద నిలువు గాడులున్న అచ్చయితే కవర్‌ను గాడి లోతు నుంచి లెక్కపెట్టాలి. చాలామంది రాడ్ బెండర్లు పైగట్టు నుంచి కొలుస్తారు, నాలుగైదు వానాకాలాలకు గాడి వెంట తుప్పు గీత పడుతుంది.

పది అడుగుల పిల్లర్‌కు కాంక్రీటు ఎనిమిది ఘనపుటడుగుల లోపే, సిమెంటు రెండు బస్తాలు. సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు 1:1½:3. అందులో 20 ఎంఎం కంకరతో పాటు 12 ఎంఎం కూడా సగం కలపాలి, లేకపోతే రాడ్ల పక్కన కంకర ఇరుక్కుని కింద తేనెపట్టులా బొక్కలు మిగులుతాయి. ఐదడుగుల కన్నా ఎత్తు నుంచి కాంక్రీటు వదిలేస్తే కంకర ఒకచోట, సిమెంటు పాలు ఒకచోట చేరతాయి. కాబట్టి పైపు దింపి పోయాలి. ప్రతి అడుగున్నరకు సన్న నీడిల్ వైబ్రేటర్ దింపాలి. అచ్చు సగాల మధ్య ఫోమ్ టేపు అంటించకపోతే సిమెంటు పాలు కారిపోయి అతుకు వెంట ఇసుక తేలుతుంది. అచ్చుకు రాసేది మౌల్డ్ ఆయిల్ అయి ఉండాలి. బండి ఇంజన్‌లోంచి తీసిన పాత ఆయిల్ రాస్తే మరక దిగి రంగు పట్టదు.

ఒక రోజు గడిచినంక అచ్చు విప్పొచ్చు. చిన్న చిన్న గాలి బొక్కలుంటే అదే రోజు సిమెంటు, సన్న ఇసుకతో పూడ్చాలి. వారం తర్వాత పూడ్చితే ఆ మచ్చ రంగు కిందినుంచి కూడా కనబడుతుంది. గోనె సంచులు చుట్టి తడపాలి: మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి 10. ఇక్కడి ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున ఒకసారి నీళ్లు కొట్టి వదిలేస్తే అది క్యూరింగ్ కాదు.

గాడుల విషయంలో ఆశ తగ్గించుకోవాలి. అయానిక్, కొరింథియన్‌కు 24 గాడులు, నడుమ సన్నటి చదును గట్లు. గ్రీకు డోరిక్‌కు 20, వాటి మధ్య గట్టు ఉండదు, కొన పదునుగా ఉంటుంది. 12 అంగుళాల పిల్లర్ చుట్టుకొలత 37.7 అంగుళాలు. 24 గాడులంటే ఒక్కో గాడికి, గట్టుకు కలిపి అంగుళంన్నర. దీంట్లో లప్పం రెండు చేతులు, ప్రైమరు, రంగు రెండు చేతులు పడితే గట్టు కొన మొండిబారి గాడి సగం పూడుతుంది. 9 అంగుళాల పిల్లర్‌కైతే గాడులు కలలో మాట. 12 కన్నా సన్నటి దేనికైనా నున్నటిదే ఖాయం చేసుకోండి. గాడులు కావాల్సిందే అంటే లప్పం లేకుండా ప్రైమరు, రంగు మాత్రమే వేయించాలి.

జీఆర్‌సీ తొడుగులు: సరుకు అసలుదైతే 4, నకిలీదైతే 1

సిమెంటులో గాజు పోగులు కలిపి 10 నుంచి 15 ఎంఎం మందంతో పోసే తొడుగు ఇది. పిల్లర్లు చదరంగా పోసేసిన ఇంటికి ఇదే దారి. ఇందులో మోసపోయే చోటు ఒక్కటే: పోగు. సిమెంటులోని క్షారం మామూలు గాజును తినేస్తుంది. అందుకే జిర్కోనియా కలిసిన, క్షారాన్ని తట్టుకునే ఏఆర్ గాజు పోగు వాడాలి. మామూలు పోగుతో చేసిన తొడుగు మొదటి ఏడాది అంతే గట్టిగా ఉంటుంది, తర్వాత పోగు బలం పోయి గుల్లబారుతుంది. యార్డులో విరిగిన ముక్క తప్పకుండా ఉంటుంది, దాన్ని అడిగి చూడాలి. విరిగిన అంచులో పోగులు రెండు ముఖాల వైపూ సమంగా కనబడాలి. ఒక ముఖం వైపే కుచ్చులా చేరి ఉంటే కలపడం సరిగ్గా జరగలేదని అర్థం.

బరువు ఇంకో పరీక్ష. 18 అంగుళాల లావు, 7 అడుగుల పొడవు, 12 ఎంఎం మందం ఉన్న తొడుగు రెండు సగాలూ కలిపి 70, 75 కిలోలు. ఇద్దరు మనుషులు ఒక సగాన్ని సులువుగా లేపాలి. నలుగురు పట్టుకుంటే తప్ప లేవకపోతే అది అంగుళంన్నర మందం ఉన్న ఉత్త సిమెంటు, పేరుకే జీఆర్‌సీ.

బిగించేటప్పుడు జరిగే పెద్ద తప్పు లోపలి ఖాళీని కాంక్రీటుతో నింపడం. ఏడడుగుల ఎత్తు తడి కాంక్రీటు ఒత్తిడికి అతుకు నోరు తెరుస్తుంది. అప్పటికప్పుడు తెరవకపోయినా, లోపలి కాంక్రీటు ఆరి కుంచించుకుంటూ, బయటి తొడుగు ఎండకు సాగుతూ ఉంటే గీతలు పడతాయి. ఖాళీ ఖాళీగానే ఉండాలి. అడుగున, వెనక వైపు 10 ఎంఎం రంధ్రం ఒకటి ఉంటే లోపలికి దిగిన నీళ్లు బయటికి పోతాయి. క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. మామూలు ఇనుప పట్టీ వాడితే అది తుప్పుతో ఉబ్బి తొడుగును లోపలి నుంచి పగలగొడుతుంది, ఎర్రటి ధార బయటికి వస్తుంది. అతుకులో 5, 6 ఎంఎం సందు వదిలి, రంగు పట్టే పాలీయురేథేన్ సీలెంట్ నింపాలి. సిలికాన్ నింపితే దాని మీద రంగు నిలవదు. తెల్లటి సిమెంటుతో గట్టిగా పూడ్చితే మొదటి వేసవి దాటేసరికి అక్కడే వెంట్రుక గీత పడుతుంది.

గిలాబుతో తిప్పే పిల్లర్, మిగతా చవక సరుకు

చదరపు పిల్లర్ చుట్టూ ఫర్మా తిప్పి గిలాబుతోనే గుండ్రం తెచ్చే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. చేయి తిరిగినవాడు చేస్తే ముచ్చటగా ఉంటుంది. కానీ 9 × 9ని గుండ్రం చేయాలంటే చదునైన ముఖాల దగ్గర రెండంగుళాల దాకా మాలు పట్టించాలి. ఒక్కసారే అంత మందం వేస్తే జారుతుంది, ఆరినంక పగులుతుంది. ముందు కాంక్రీటుకు గాట్లు పెట్టి, ఇటుక ముక్కలతో ఖాళీ నింపి, కోడిజాలీ మేకులతో బిగించి, 1:4 మాలును 12 ఎంఎం చొప్పున రెండు విడతలుగా, నడుమ ఒక రోజు విడిచి వేయాలి. ఇవన్నీ చేయించే ఓపిక ఉంటే బాగుంటుంది, లేకపోతే తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది.

పీఓపీ పిల్లర్ హాలు లోపలికే. వాన జల్లు తగిలే చోట పెడితే జిప్సం మెత్తబడుతుంది, రంగు ఎంత మంచిదైనా కాపాడలేదు. ఫైబర్ పిల్లర్ తేలిక, ఫంక్షన్ హాల్ ముందు పెట్టడానికి సరే. ఎండకు పైపొర వెలిసి చేతికి సున్నంలా అంటుతుంది. థర్మాకోల్ మీద జాలీ, పూత వేసినవి ఇప్పుడు బాగా వస్తున్నాయి. తలలకు, బీము పట్టీలకు, చెయ్యి అందని ఎత్తులో బానే ఉంటాయి. కింద పెడితే బైకు హ్యాండిల్ తగిలినా సొట్ట. కోతులు తిరిగే వాడల్లో, అంటే ఇప్పుడు దాదాపు అన్ని వాడల్లో, ఒక్కసారి పూత లేచిందంటే లోపలి తెల్లటి గుండ్లన్నీ వాకిట్లో ఉంటాయి.

కరీంనగర్ గ్రానైట్

టాన్ బ్రౌన్ అనే గ్రానైట్ ఇక్కడి రాయే కాబట్టి లేత్ మీద తిప్పిన రాతి పిల్లర్ ఉత్తర తెలంగాణలో చేతికందే సరుకు. 12 అంగుళాల లావు, పదడుగుల నిండు పిల్లర్ సుమారు 600 కిలోలు తూగుతుంది. హైడ్రా క్రేన్ లేకుండా నిలబెట్టే పని పెట్టుకోవద్దు. చాలాచోట్ల దీన్ని రెండు మూడు ముక్కలుగా చేసి, నడుమ స్టెయిన్‌లెస్ కడ్డీ, ఎపాక్సీతో అతుకుతారు. అతుకు పట్టీ గీత మీదికి వచ్చేలా చేయించుకుంటే కంటికి ఆనదు.

రాయి నలుగుడు బలానికి తిరుగులేదు. దెబ్బతినేది అంచు. పిల్లర్ పై ముఖం, బీము అడుగు ఒకదానికొకటి సమంగా లేకపోతే బరువంతా ఒక అంచు మీద పడి బిళ్లలా ఎగురుతుంది. పై ముఖానికి, బీముకు నడుమ కుంచించుకోని గ్రౌట్ నింపాలి, అది కూడా అంచు నుంచి అంగుళం లోపలిదాకానే. నాలుగు పిల్లర్లూ ఒకే బ్లాకు నుంచి కోయించమని ముందే చెప్పాలి. టాన్ బ్రౌన్‌లో గోధుమ మచ్చల మోతాదు బ్లాకు బ్లాకుకూ మారుతుంది. తడిపి చూసి ఒప్పుకోవద్దు, తడి రాళ్లన్నీ ఒకేలా ఉంటాయి.

కాకతీయ రకం

హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించింది. పాలంపేట రామప్ప గుడి 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడిది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. రెండుచోట్లా స్తంభం కూర్పు దాదాపు ఒకటే. కింద చదరపు దిమ్మె, దాని మీద చదరపు భాగం, అక్కడి నుంచి లేత్ మీద తిప్పినట్టు సన్నటి గీతలతో గుండ్రటి భాగం, మళ్లీ చదరపు దిమ్మె, మళ్లీ గుండ్రం, పైన చక్రంలా విచ్చుకున్న రాయి, ఆ పైన నాలుగు దిక్కులకూ చేతులు చాచిన రాయి. ఆ నాలుగు చేతుల మీదే దూలాలు కూర్చుంటాయి. చేతులు చాచినంత మేర దూలం నిడివి తగ్గుతుంది. రాయి వంపుకు ఓర్చుకోదు కాబట్టి ఆ చేతులు అలంకారం కన్నా ముందు అవసరం.

ఈ స్తంభం తక్కువ ఎత్తు మండపాల కోసం పుట్టింది. పొట్టిగా, గట్టిగా ఉండటమే దాని అందం. రోమన్ లెక్కలో 111 అంగుళాల ఎత్తు మనకు శాపం, ఈ లెక్కలో అదే వరం. 9 × 9 ఆర్‌సీసీ పిల్లర్ చుట్టూ 15 అంగుళాల చదరపు తొడుగు, దాని మీద 15 అంగుళాల గుండ్రం వేస్తే గుండ్రం చదరంలో సరిగ్గా ఇముడుతుంది, రాతి స్తంభంలో ఉన్నట్టే. సన్నబరచాల్సిన పనే లేదు. 111 అంగుళాలను ఇలా పంచుకోవచ్చు: అడుగు దిమ్మె 9, కింది చదరం 30, గుండ్రం 12, నడుమ చదరం 18, పై గుండ్రం 18, చక్రం 12, చేతులు 12.

యార్డులో ‘కాకతీయ పిల్లర్’ అని అమ్మేవాటికి ఇందులో సగమే వస్తుంది. చక్రం దాకా చేసి చేతులు వదిలేస్తారు, అప్పుడు బీము చక్రం మీద పెట్టిన పలకలా ఉంటుంది. చేతులు ఉన్నవాటిని బిగించేవాళ్లు ఐమూలగా తిప్పేస్తారు. చేయి బీము కిందికే రావాలి. మూల పిల్లర్‌కు బీములు రెండు దిక్కులకే పోతాయి, మిగిలిన రెండు చేతులు బయటికి చాచుకుంటాయి. గుళ్లో అవి చూరును మోస్తాయి. మన ఇంట్లో సజ్జ కనీసం రెండడుగులు బయటికి ఉంటేనే అవి నప్పుతాయి, లేకపోతే మూల పిల్లర్‌కు రెండు చేతుల తలను విడిగా చేయించుకోవాలి. ఇక గీతలు. అచ్చులో మూడు, నాలుగు ఎంఎం లోతు పెడతారు, లప్పానికే సరిపోతుంది. కనీసం 10 ఎంఎం అడగండి. రామప్ప స్తంభాల నల్లరాయి నునుపులో గీత నీడ ఎంత పదునుగా పడుతుందో చూసొచ్చి అడిగితే ఇంకా మంచిది. తెల్ల రంగు కూడా ఈ రకానికి శత్రువే. బూడిద రంగు లేదా ఇసుకరాయి ఛాయ వేస్తే గీతలు కనబడతాయి.

వరంగల్ కోట తోరణం నుంచి హంసలను, పూలదండలను తెచ్చి పిల్లర్ నడుముకు అంటించినవి కూడా అమ్ముతున్నారు. అవి వద్దు.

పాత టేకు

గడీలు, పాత భవంతులు విప్పినప్పుడు వచ్చే టేకు స్తంభాలకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ. అడుగున ఆరంగుళాల మేర స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగితే చెదలు లేదా కుళ్లు, అంత మేర కోసేయాల్సిందే. కోసిన పొడవును రాతి దిమ్మెతో పూడ్చుకోవాలి. పాతకాలం వాళ్లు కూడా స్తంభాన్ని నేలకు ఆనించలేదు, రాతి మీదే నిలబెట్టారు. దిమ్మె పై ముఖం నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటే నీళ్లు చెక్క కింద నిలవవు. బిల్లుతో పాటు అటవీ శాఖ రవాణా అనుమతి కాగితం కూడా తీసుకోండి.

బిగించే వరస, బిల్లు

నేల రాయి పరవకముందే బేసు బిగించేస్తే, తర్వాత వచ్చే మాలు, గ్రానైటు కలిసి రెండంగుళాలకు పైగా బేసును మింగేస్తాయి. 9 అంగుళాల బేసులో అది చిన్న నష్టం కాదు. పిల్లర్ చుట్టూ నేల ముందు పరిపించుకోవాలి, లేదా ఖరారైన మట్టం గోడ మీద గీసి బేసును ఆ ఎత్తులో నిలబెట్టాలి. ఎత్తు కొలతను యార్డుకు ఇచ్చేటప్పుడు కూడా పరిచిన నేల నుంచే ఇవ్వాలి.

తర్వాత బీము. బీము వెడల్పు 9, పిల్లర్ మెడ 15 అయితే రెండు వైపులా మూడేసి అంగుళాల తల ఖాళీగా బయటికి కనబడుతుంది. రోమన్ పద్ధతిలో బీము ముఖం, మెడ ముఖం ఒకే నిలువు గీతలో ఉండాలి. తల పైపలక మాత్రమే బయటికి రావాలి. ఉన్న బీముకు రెండు వైపులా తొడుగు పట్టీ కట్టి 15 చేయించండి. పోర్టికో అందాన్ని తల డిజైన్ కన్నా ఇదే ఎక్కువ మారుస్తుంది, ఖర్చు మాత్రం ఒక తలకయ్యేదానికి అటూ ఇటూ.

యార్డుల్లో షాఫ్ట్‌కు రన్నింగ్ ఫుట్ లెక్కన, బేసుకు, తలకు నగ్గు లెక్కన, అంటే ఒక్కోదానికి ఇంత అని ధర చెప్తారు. రవాణా, బిగింపు, అతుకు పూడ్చడం వేరే. నాలుగు చోట్ల అడిగేటప్పుడు ఈ ఆరూ కలిపి ఒక పిల్లర్‌కు ఎంతో అడిగితేనే పోలిక కుదురుతుంది. బిల్లు మీద అడుగు మందం, మెడ మందం, తొడుగు మందం, పోగు రకం, క్లాంపు రకం రాయించుకోండి. టేపు చుట్టూ తిప్పి వచ్చిన అంకెను 3.14తో భాగిస్తే లావు తెలుస్తుంది. 18 అని చెప్పింది పదిహేడున్నర తేలడం మామూలే, ఆ అరంగుళానికే లోపలి పిల్లర్ మూల తగిలి తొడుగు మూసుకోదు. దారిలో పగిలితే ఎవరిదో కూడా అందులోనే రాయించాలి. తల ఆకుల కొనలే ఎక్కువగా విరుగుతాయి. అతికించిన ఆకు ఒక వానకు ఊడుతుంది, మార్చమనడమే నయం.

సరుకు దిగినంక మొదటి పిల్లర్‌ను మాలు, సీలెంట్ లేకుండా ఉత్తగా నిలబెట్టి చూపించమనండి. రెండు సగాల అతుకు గీతలు వీధికి ఎదురుగా రాకుండా కుడి, ఎడమ వైపులకు తిప్పించండి. వీధిలోంచి చూసేవాళ్లకు ఆ గీతలు పిల్లర్ అంచులో కలిసిపోతాయి. అది కుదిరాకే మిగతా మూడింటికి క్లాంపులు కొట్టనివ్వండి.